హోటలు పంక్తి



నేడు నేను చెప్పబూనిన విషయము చిన్నది. ఇల్లు విడిచి, నలుగురు స్నేహితులతో గూడి, రూకలిచ్చి హోటలునందు భోజనము చేయుట. ఇదియు నొక ప్రసంగ విషయమా యని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. మా తండ్రిగారు బ్రదికియున్నచో వారును నవ్వియుందురు. ఆయన తన జీవితకాలములో హోటలు గడప త్రొక్కినవారు కారు. రేణిగుంట నుండి గుంతకల్లు వఱకు పోవలసివచ్చినను సద్దిమూట చంకబెట్టుకొని బండి యెక్కెడివారు. దారిలో దానిని విప్పి, పెరుగన్నమును ఊరగాయను తిని, ఇంటినుండి చెంబుతో తెచ్చుకొన్న నీరు త్రాగెడివారు. "ఎవరు వండినదో, ఎవరు కడిగినదో, ఎవరు తిని లేచిన చోటో!" అనునది వారి మాట.

ఆ మాటలో శుభ్రతను గూర్చిన భయము కొంత, కులమును గూర్చిన భయము కొంత కలిసియుండెను. వడ్లలో తాలువలె రెండును ఒకే చేటలో నుండెను. వీనిని చెఱిగి వేఱు చేయుటకు నాకు చాలకాలము పట్టినది. మొదటి భయము నేటికిని మంచిదే. రెండవదాని మూలమున నేనొక స్నేహితుని యెదుట తలవంచుకొనవలసి వచ్చెను. ఆ సంగతి చెప్పవలెననియే యీ ప్రసంగమునకు ఒప్పుకొంటిని. కాని అంతకు మునుపు, హోటలనునది మన దేశమున ఎట్లు వచ్చినదో, దాని మంచిచెడ్డలేవో కొంత చెప్పవలసియున్నది.

హోటలు అను మాట క్రొత్తది గాని, రూకయిచ్చి కూడు తినుట మనకు క్రొత్తగాదు. పూటకూళ్ళ యిల్లని మన పెద్దలు పిలిచినది దానినే. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామమునందు ఓరుగంటి పూటకూటి యింటి భోజనము వర్ణింపబడినది. సన్నబియ్యపు అన్నము, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడు కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు, ఇవన్నియు నొక్క రూకకు దొరకెడివట. ఆ పద్యము చదివిన ప్రతిపర్యాయము నాకు ఆకలి కలుగుట మాత్రము నిజము. ఇటీవలి కాలమునకు వచ్చినచో, 1892లో ప్రదర్శింపబడి 1897లో అచ్చుపడిన గురజాడవారి కన్యాశుల్కములో, గిరీశమును వెదకుకొనుచు చీపురుకట్టతో వచ్చిన పూటకూళ్ళమ్మను మీరెఱుగుదురు. దిక్కులేని స్త్రీలు పలువురు ఈ పూటకూళ్ళ మీదనే కాలము గడిపిరి.

అయితే పూటకూళ్ళ యింటికిని హోటలునకును ఒక్క భేదము కలదు. పూటకూళ్ళమ్మ తన యింట తినువాని ఊరు, పేరు, కులము ఎఱిగియుండును. తినువాడును ఆమె నెఱిగియుండును. సత్రమునందును అంతే, ఏ కులమువారు కట్టించినది ఆ కులము వారికే యనునది తఱచుగా నుండెడి కట్టుబాటు. హోటలునందో, వండినవాడెవడో తినువానికి తెలియదు; తినువాడెవడో వండినవానికి తెలియదు. ఎఱుగనివాడు ఎఱుగనివానికి అన్నము పెట్టుచున్నాడు. మా తండ్రిగారిని భయపెట్టినది ఇదియే. ఆలోచించి చూడగా, హోటలులోని గొప్పతనమును ఇదియే.

రేణిగుంట హోటళ్ళకు పుట్టినిల్లని చెప్పజాలను గాని, ఆకలికి పుట్టినిల్లని చెప్పగలను. మద్రాసు రైల్వేవారు 1862లో పెద్దపట్టాల దారిని అరక్కోణము నుండి రేణిగుంట వఱకు తెచ్చిరి. 1871లో ఆ దారి రాయచూరు చేరి, బొంబాయి వైపునుండి వచ్చిన దారితో కలిసెను. పిదప దక్షిణ హిందూ రైల్వేవారి మీటరు గేజి దారి గూడూరు, కాళహస్తుల వైపునుండి వచ్చి, రేణిగుంట మీదుగా తిరుపతి, పాకాల, కాట్పాడి దిక్కునకు పోయెను. పట్టాల వెడల్పులు వేఱగుటచే ఒక దారి బండి మఱియొక దారిమీద నడువదు. తిరుమల యాత్రికులు పెద్దబండి దిగి, పిల్లలను మూటలను చూచుకొనుచు, చిన్నబండి కొఱకు గంటలకొలది వేచియుండవలసినదే. వేచియున్నవానికి ఆకలి తప్పదు. ఇంటినుండి తెచ్చిన సద్ది బళ్ళారి దాటకమునుపే ముగిసియుండును. కాబట్టి స్టేషను బయట టీకొట్లు, ఇడ్లీ కొట్లు, భోజన హోటళ్ళు వెలసినవి. ఇప్పుడు పట్టాలన్నియు పెద్దవే యైనవి. తిరుపతి విమానాశ్రయమును రేణిగుంటయందే యున్నది. ఆకలి మాత్రము మారలేదు.

ఆంగ్లేయుల కాలమున మద్రాసు రాజధానిలోని పెద్ద స్టేషన్లలో దొరల భోజనశాల వేఱు, హిందువుల భోజనశాల వేఱు. ఆ హిందువుల శాలలోనే బ్రాహ్మణులకొక గది, ఇతరులకొక గది. త్రాగునీటికిని హిందువుల కుండ, మహమ్మదీయుల కుండ యని రెండు. ఒకే యింజను లాగిన పెట్టెలో, ఒకే బల్లపై, మోకాళ్ళు రాచుకొనుచు కూర్చుండి వచ్చినవారు బండి దిగిన వెంటనే వేర్వేఱు వాకిళ్ళలో దూఱెడివారు. భోజనశాలలలోని యీ గదుల భేదము ఈ. వే. రామస్వామి నాయకరు మొదలగువారి యాందోళనానంతరము 1941లో తొలగింపబడినది.

ఊళ్ళలోని హోటళ్ళ కథ వేఱు. కన్నడదేశపు ఉడిపి ప్రాంతమునుండి వచ్చిన బ్రాహ్మణులు మద్రాసు నగరమునను, మన రాయలసీమ పట్టణములలోను హోటళ్ళు పెట్టిరి. మద్రాసులో కె. కృష్ణారావుగారు 1938లో నెలకొల్పిన ఉడ్‌ల్యాండ్సు హోటలు వారిలో పేరొందినది. వండువాడు బ్రాహ్మణుడైనచో ఎవరైనను తినవచ్చునను నమ్మకము అప్పటి జనులలో నుండెను. కాబట్టి "బ్రాహ్మణ హోటలు" అను పలక శుభ్రతకు గుర్తుగాను, కులమునకు గుర్తుగాను రెండు విధముల పనిచేసెను. మా తండ్రిగారి రెండు భయములకును ఒకే పలక సమాధానము చెప్పినదన్నమాట. 1957లో మద్రాసు తిరువల్లిక్కేణిలోని యొక హోటలు పలకపై ఆ మాట తీసివేయవలెనని నెలల తరబడి యాందోళన జరిగెను. పలకపై రెండక్షరములకు ఇంత గొడవ యేలయని ఆనాడు నాకును తోచినది. పలక చూచి లోపలికి పోగలవానికి అట్లే తోచును.

ఇక నా సంగతి. 1966లో నేను రేణిగుంట గూడ్సు షెడ్డులో గుమాస్తాగా చేరితిని. పెండ్లి కాలేదు, వంట రాదు. నాతోబాటు మఱి ముగ్గురు స్నేహితులుండిరి. ఒకరు గార్డు. ఒకరు ఎలిమెంటరీ పాఠశాల పంతులుగారు. మూడవయతడు రైల్వేలో ఫిట్టరు. కాళహస్తి వైపు పల్లెలోని మాలవాడ నుండి వచ్చి, ఎస్.ఎస్.ఎల్.సి. ప్యాసై, తన చేతిపనితో పైకి వచ్చినవాడు. నాకంటె రెండేండ్లు చిన్న. నన్ను అన్నా యని పిలిచెడివాడు. నెలజీతము వచ్చిన దినమున నలుగురము కలిసి హోటలునందు భోజనము చేయుట మాకు వ్రతమువలె నుండెడిది.

మొదట మేము ఎవరి బిల్లు వారిచ్చుకొనెడివారము. అందులో చిక్కు వచ్చినది. పంతులుగారు ప్రతి నెలయు రెండిడ్లీలు మాత్రము తిని, "ఈ దినము ఆకలిగా లేదు" అని లేచెడివారు. ఆయన జీతములో సగము తమ్ముని చదువునకు పోవుచున్నదని మాకు తరువాత తెలిసినది. అప్పటినుండి నెలకొకరు వంతున బిల్లు ఇచ్చుకొంటిమి. పంతులుగారి వంతు వచ్చిన నెల మాత్రము హోటలు బదులు సంగటి అంగడికి పోవుట యని, ఆయనకు తెలియకుండ ముగ్గురము ఏర్పాటు చేసికొంటిమి. స్నేహితులతో హోటలునకు పోవువారు మెనూ చూచుటకు మునుపు ఒకరి సంచి నొకరు చూచుకొనుట మేలు. పదిమందిలో చేతులాడనివాడు నోరు కట్టుకొని కూర్చుండును. ఎదుటివారు అది గమనింపరు.

స్టేషను వీధిలోని హోటలు రేకుల కప్పు క్రింద నుండెడిది. అక్కడి ఇడ్లీ మాట చెప్పక తప్పదు. మంచి ఇడ్లీకి మూడు నాలుగు పాళ్ళు ఉప్పుడు బియ్యమునకు ఒక పాలు ఉద్దిపప్పు. రాత్రి తొమ్మిదింటికి ఇద్దఱు మనుష్యులు రోటియొద్ద కూర్చుండి, పప్పు వేఱుగా బియ్యము వేఱుగా రుబ్బి కలిపెడివారు. మన సీమ వేసవిలో పిండి తెల్లవాఱకమునుపే పొంగి గంగాళము దాటును. మార్గశిరపు చలిలో పొంగదు, అందుచేత గంగాళమును పొయ్యి ప్రక్కకు జరిపెడివారు. నాలుగు గంటలకు మొదటి యావిరి. రాత్రిడ్యూటీ దిగి వచ్చువారికి మొదటి వాయ. చేతికి అంటుకొనని యిడ్లీ, పైన కొబ్బరి చట్నీ, బకెట్టుతో త్రిప్పెడి సాంబారు. హోటలువారి వంట ఇంటివంట కంటె రుచిగా నుండుటకు కారణము వారి చేతిలో నేమో మంత్రముండి కాదు. నూఱు వాయలు దిగు పొయ్యి చల్లారదు. దోసెపెనము దినమంతయు ఒకే వేడిలో నుండును. వందమందికి రుబ్బిన పిండి నిలువయుండదు. జనము ఎక్కువగా తిను హోటలు మంచిదనుటలోని రహస్య మింతే.

అయినను నా జీవితములో మేలైన భోజనము ఆ హోటలులోనిది కాదు. గేటు దగ్గఱ చింతచెట్టు క్రింద ఒక ముసలామె సంగటి అంగడి పెట్టియుండెడిది. రాగిసంగటి ముద్ద, వేరుసెనగ ఊరిబిండి, ఒక్కొక్కనాడు గోంగూర పప్పు, ఆదివారము ఎండుచేపల పులుసు. బల్ల ఒక్కటే, అందఱును దానిమీదనే. గార్డుదొరయైనను మూటలెత్తు కూలియైనను ఆమెకు "నాయనా" యే. "ఇంకో ముద్ద ఎయ్యనా నాయనా? రాత్రంతా నిలబడాల గదా" అని యడిగి, వద్దనుచున్నను వేసెడిది. కుండ యొకటి, గరిటె యొకటి, కంచములు కడుగు తొట్టి యొకటి. ఆ తొట్టిలోని నీరు గంటకొకమారు పారబోసి క్రొత్తనీరు పోసెడిది. మా తండ్రిగారిని అక్కడికి తీసికొనిపోయి కూర్చుండబెట్టలేకపోతినే యని నాకు నేటికిని కొఱతగా నున్నది.

చెడ్డ యనుభవములలో మొదటిది కడుపుదే. ఒక బ్రహ్మోత్సవ కాలమున మేము కొండ దిగి, రాత్రి చాల ప్రొద్దుపోయిన పిదప ఒక హోటలులో జొరబడితిమి. దాని పేరు చెప్పను. పగలు వండిన యన్నమును పెద్ద గంగాళములో మూసియుంచి, దానిపై వేడి సాంబారు పోసి వడ్డించిరి. పంతులుగారు రెండు మార్లు వడ్డించుకొని తినిరి. తెల్లవాఱులోపల ఆయనకు వాంతులు, విరేచనములు. అన్నము వేడిగానే యుండెను గదా యని మేమాశ్చర్యపడితిమి. తరువాత నొక వైద్యుడు వివరించెను. బియ్యములో కంటికి కనబడని యొక విధమైన క్రిమిబీజములుండును. ఉడికించినను అవి చావవు. వండిన యన్నము గోరువెచ్చగా గంటలకొలది నిలిచినచో అవి మొలకెత్తి వృద్ధియై విషమును పుట్టించును. ఆ విషము మరల వేడిచేసినను పోదు. కాబట్టి పైన పోసిన సాంబారు పొగలు గ్రక్కుచున్నది గదా యని నమ్మరాదు. అడుగున నున్న యన్నము ఎప్పటిదో అడుగవలెను. పెండ్లిండ్లలోను తిరునాళ్ళలోను ఈ జాగ్రత్త మఱింత యవసరము. వాంతులు పట్టినవానికి లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆఱు చిన్నచెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి, కొంచెము కొంచెముగా త్రాగించుచు, వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను. పంతులుగారు మూడుదినములకు లేచిరి.

శుభ్రతను గూర్చిన భయము మంచిదని నేనన్నది ఇందుకే. నేడు ఆ భయమునకు చట్టము తోడున్నది. 2006వ సంవత్సరపు ఆహార భద్రతా చట్టము ననుసరించి హోటలువారు 14 అంకెల లైసెన్సు సంఖ్యను కనబడునట్లు పెట్టవలెను. కాచిన నూనెనే మరల మరల కాచుటను గూర్చి 2018 జూలై నుండి నియమము వచ్చినది; నూనెలో చెడిపోయిన పదార్థము నూటికి 25 పాళ్ళు మించినచో దానిని వాడరాదు. కొలుచు యంత్రము మనయొద్ద నుండదు గాని, నూనె నల్లబడి, చిక్కబడి, బాణలి అంచున నురుగు నిలిచినచో బజ్జీలు మాని లేచిపోవచ్చును. బిల్లుపై పన్ను గాక "సర్వీసు చార్జి" యని తమంత తాము చేర్చిన సొమ్ము తప్పనిసరి కాదని 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ తెలిపినది. బల్లలు తుడుచు పసిబాలుర మాటయు నున్నది. పదునాలుగేండ్లు నిండని బిడ్డలను హోటళ్ళలో పనికి పెట్టరాదని 2006 అక్టోబరు 10 నుండి నిషేధము అమలులోనికి వచ్చెను. మా కాలమున అట్టి బాలురను "రేయ్, నీళ్ళు" అని పిలిచి, పేరైన నడుగని పాపము మాకందఱికి నున్నది.

ఇక చెప్పవలసిన దానిని చెప్పెదను.

1968 వేసవిలో మా గార్డు మిత్రుని బంధువుల యింట పెండ్లి. పంతులుగారికి సెలవు దొరకలేదు. మేము ముగ్గురము బస్సు దిగి, ఇంకను రెండు మైళ్ళు నడువవలసియుండగా, అడ్డదారి మొదట ఒక టీకొట్టు కనబడెను. ఎండ మండుచుండెను. లోపల రెండు బల్లలు, గోడమీద దేవుని పటములు, కడిగి బోర్లించిన గాజుగ్లాసులు. ముగ్గురము కూర్చుంటిమి. కొట్టువాడు నాకును గార్డునకును టీ ఇచ్చి, ఫిట్టరును చూచి, "యా ఊరు నాయనా? ఎవురి బిడ్డవు?" అని యడిగెను. అడిగినది మర్యాదగానే. మా మిత్రునకు అబద్ధమాడుట చేతగాదు. ఊరు చెప్పెను, వాడ చెప్పెను.

కొట్టువాని ముఖములో కోపము లేదు. అతడు కేకలు వేయలేదు. "అట్లయితే నువ్వు బయిట కూసో అబ్బయా. గుంజ కాడ లోటా ఉండాది, కడుక్కోని పట్టుకో" అనెను. అంతే. పంచ క్రింద గుంజకు మేకు కొట్టి, దానికొక సత్తులోటా తగిలించియుండిరి. మా మిత్రుడు లేచి బయటికి పోయి, ఆ లోటా తానే కడుగుకొని పట్టుకొనెను. కొట్టువాడు గడప లోపలనుండి, తగులకుండునట్లు ఎత్తునుండి టీ పోసెను. మా మిత్రుడు నేలపై గొంతుకూర్చుండి త్రాగి, లోటా మరల కడిగి, మేకునకు తగిలించి, పైసలు గడపపై నుంచెను.

నేనేమి చేసితినని మీరడుగవలెను. నేను టీ త్రాగితిని. గ్లాసు చేతిలో నుండెను, వేడిగా నుండెను, గార్డు నావైపు చూచెను, నేను దేవుని పటము వైపు చూచితిని. గ్లాసు క్రిందనుంచి, పోయి అతని ప్రక్కన కూర్చుండుటకు నాకేమి పట్టును? నాలుగడుగులు. ఒక టీ వెల. ఆ నాలుగడుగులు నేను వేయలేదు. పెండ్లివారి ఊరిలో మాట వచ్చునని భయపడితినా? అదియు కాదు. నా కాళ్ళు లేవలేదు. అంతకంటె నాకు తెలియదు.

నాకు చట్టము తెలియకపోలేదు. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగములో పదునైదవ యధికరణము, అంగళ్ళలోను, హోటళ్ళలోను, భోజనశాలలలోను కులమును బట్టి యెవరిని అడ్డగింపరాదని చెప్పుచున్నది. పదునేడవ యధికరణము అంటరానితనమునే రద్దు చేసినది. హోటలులో ప్రవేశమునకు గాని, అక్కడి గ్లాసులు కంచములు వాడుకొనుటకు గాని అడ్డము చెప్పినచో శిక్షయని 1955వ సంవత్సరపు చట్టము విధించినది. 1976లో దానికే పౌరహక్కుల రక్షణ చట్టమని పేరు మార్చి శిక్షలు పెంచిరి. మేము టీ త్రాగిన నాటికి ఆ చట్టము పుట్టి పదుమూడేండ్లు. చట్టము గడప వఱకు వచ్చి, గుంజయొద్ద ఆగిపోయెను. దానిని లోపలికి పిలువవలసినవాడను నేను, పిలువలేదు.

బయలుదేఱి నడచుచుండగా అతడు గూడ్సుబండ్ల సంగతులు మాటలాడుచుండెను. కొంతదూరము పోయిన పిదప నేనుండబట్టలేక, "ఏమప్పా, నామీద కోపమా?" అని యడిగితిని.

"నీమీద కోపమేముందిలే అన్నా. నీ టీ మాత్రం చల్లారకుండా తాగినావు. అదొకటి గుర్తుంటాది" అనెను.

పెండ్లిలో అతడు భోజనము చేయలేదు. మా వ్రతము ఆ నెలతో ఆగిపోయెను. కనబడినప్పుడు నవ్వును, మాటలాడును. జీతము దినమున మాత్రము అతనికి ఏదో యొక పని యుండును. తరువాత అతనికి గుంతకల్లు బదిలీ యైనది.

పెద్దలారా, ఈ రెండు గ్లాసుల పద్ధతి మా అడ్డదారి కొట్టుతో ముగియలేదు. తెలుగుదేశపు పల్లెలలో టీకొట్లయొద్ద అది చాలకాలము నిలిచినది. తరువాత కాగితపు గ్లాసులు, ప్లాస్టికు గ్లాసులు వచ్చినవి. త్రాగి పారవేయు గ్లాసునకు కులము లేదు గదా యని కొందఱు సంతోషించిరి. నేను కొన్నిచోట్ల చూచినది వేఱు: ఊరివారికి గాజుగ్లాసు, వాడవారికి కాగితపు గ్లాసు. మేకు పోయినది, లోటా పోయినది, భేదము మాత్రము చెత్తబుట్టలో పడి కనబడకున్నది. మీ యూరి టీకొట్టుకు మీరు దినమును పోవుచుందురు. ఎవరు బల్లపై కూర్చుండుచున్నారో, ఎవరు బయట నిలువబడి త్రాగుచున్నారో యొకమారు చూడుడు. కొట్టువాడు మీ మాట వినును. నావంటి బాటసారి మాట వినకపోవచ్చును గాని, మీ మాట వినును.

మన ప్రాంతముననే మఱియొక పంక్తి యున్నది. తిరుమలలో 1985లో నిత్యాన్నదానము ప్రారంభమైనది. ఇప్పుడది జరుగు భవనమునకు తరిగొండ వెంగమాంబ పేరు పెట్టిరి. మన చిత్తూరు సీమలోని తరిగొండలో పుట్టి, కొండపై నివసించి, కావ్యములు వ్రాసిన యా తల్లి పేరది. అక్కడ వేలకొలది జనులు వరుసలలో కూర్చుందురు. ప్రక్కవాడెవడో యెవరును అడుగరు. అడుగుటకు తీఱిక యుండదు, సాంబారు బకెట్టు వచ్చుచుండును. దేవుని కొండపై అడుగని ప్రశ్న కొండ క్రింద టీకొట్టులో అడుగుచున్నామే యని, అక్కడ కూర్చున్నప్పుడెల్ల నాకు తోచుచుండును.

1994లో ఒకనాడు రేణిగుంట ప్లాటుఫారముపై నన్ను వెనుకనుండి ఎవరో "అన్నా" యని పిలిచిరి. తల నెరసినది గాని గొంతు మారలేదు. అతని కుమార్తెకు టీచరు ఉద్యోగము వచ్చినదట. తిరుపతికి వచ్చి పోవుచు నాకొఱకు బండి దిగినాడు. "రాన్నా, ఏమన్నా తిందాం" అని చేయి పట్టుకొని స్టేషను వీధికి తీసికొనిపోయెను. మా రేకుల హోటలు లేదు. ఆ చోట మిద్దె హోటలు లేచినది. మూలనున్న బల్లయొద్ద కూర్చుండబోతిని. "అక్కడ గాదన్నా, ఈడ" అని నడిమి బల్లకు తీసికొనిపోయెను. ఇద్దఱకును భోజనము తెప్పించెను. పప్పు, వంకాయకూర, చారు, మజ్జిగ. పంతులుగారు గతించిన సంగతి చెప్పితిని. కొంతసేపు అతడు మాటలాడలేదు. బిల్లు ఇచ్చుటకు నేను జేబులో చేయి పెట్టగా, "ఈ నెల నా వంతు" అని నవ్వెను. ఇరువదియాఱేండ్ల తరువాత ఆ వంతు అతనికి జ్ఞాపకమున్నది.

ఆ మాటను నేనే యెత్తితిని. ఆనాడు నేను లేచి బయటికి రావలసినదని చెప్పితిని. అతడు వినెను. అవును, వచ్చుంటే బాగుండేది అనెను. కాదనలేదు, నన్ను ఓదార్చలేదు.

చివరకు ఒక్క కాఫీ తెప్పించెను. లోటా నుండి గిన్నెలోనికి వంచి, రెండు మార్లు తిరుగబోసి, సగము గిన్నెలో నుంచుకొని, లోటా నావైపు జరిపెను.

"చల్లారకముందే తాగన్నా" అనెను.